పెరటి చెట్టునకు వార్ధకము



నెల్లూరు మొదలుకొని ఒంగోలు, చీరాలల వఱకు గల తీరప్రాంతమున పాతయిండ్ల పెరళ్లలో ఒక వేపయో, ఒక మామిడియో, నాలుగు కొబ్బరిచెట్లో తఱచుగ కనబడును. వానిలో పెక్కింటిని నేటి గృహిణుల అత్తగారులును, వారి అత్తగారులును నాటిరి. ఇప్పుడా చెట్లలో అనేకములకు 60, 70 ఏండ్లు నిండినవి. ఇల్లు రెండు మూడు మాఱులు మాఱినను చెట్టు మాత్రము నిలిచియున్నది. కాని ఆకు పలుచనైనది. కొమ్మల చివరలు ఎండుచున్నవి. మొదట తొఱ్ఱ పడినది. గాలివాన వచ్చిన రాత్రి ఇంటివారికి కంటికి నిద్ర రాదు. ఇట్టి చెట్టును కొట్టించుటయా, ఉంచుకొనుటయా? కొట్టించినచో మఱియొక చెట్టు అంతటి నీడ నిచ్చుటకు మన జీవితకాలము చాలకపోవచ్చును. ఉంచుకొన్నచో బిడ్డలమీద కూలునేమోయను భయము. ఈ మాసమున ఈ విషయమునే ముచ్చటింప దలచితిమి.

మొట్టమొదట తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. మన చేతికి గాయమైనచో క్రొత్త చర్మము పుట్టి మానును. చెట్టున కట్లు జరుగదు. కుళ్లిన కొయ్య మరల బాగుపడదు. చెట్టు చేయగలిగినదెల్ల ఆ కుళ్లిన భాగము చుట్టును లోపల గోడ కట్టి దానిని వేఱుచేసి, వెలుపల క్రొత్త కొయ్యను పెంచుకొనుటయే. అమెరికా అటవీశాఖకు చెందిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను నిలువున కోసి పరీక్షించి, 1977లో ఈ సంగతిని విశదపఱచెను. తొఱ్ఱపడిన చెట్టు ఏండ్లతరబడి పచ్చగ నుండుటకు కారణ మిదియే. అయితే ఈ గోడలు కట్టుటకు బలము కావలయును. ఆ బలము ఆకులవలనను వేళ్లవలనను వచ్చును. కావున ముదుసలి చెట్టునకు మనము చేయదగిన సేవ రెండు మాటలలో నున్నది: వేళ్లకు ఊపిరి నిచ్చుట, క్రొత్త గాయములు చేయకుండుట.

వేళ్లన్నియు పాతాళమునకు పోవునని మనము తలంతుము. కాని నీటిని పీల్చు సన్ననివేళ్లలో అధికభాగము నేలపైనుండి రెండడుగుల లోపలనే యుండును. అవి కొమ్మల నీడ పఱచుకొన్నంత దూరమును, దానిని దాటియు వ్యాపించును. వానికి నీరెంత అవసరమో గాలియు నంత అవసరము. బురద యగునని వాకిలి యంతయు సిమెంటు పోయించి, చెట్టు మొదట జానెడు జాగా మాత్రము విడుచుట నేడు సామాన్యమైనది. ఇది చెట్టు గొంతు నులుముట వంటిది. హాని వెంటనే కనబడదు. కొన్ని యేండ్లకు తల యెండును. అప్పటికి కారణ మెవ్వరికిని జ్ఞప్తి యుండదు. 2013లో జాతీయ హరిత న్యాయస్థానము ఢిల్లీ నగరమున చెట్ల చుట్టును ఒక మీటరు మేర సిమెంటును తొలగింప నాజ్ఞాపించెను. మన యింట అంతకంటె నెక్కువ విడువగలిగినచో మఱియు మంచిది. నడచుటకు గచ్చు కావలసినచో ఇసుకపై రాళ్లు పఱచి సందులు విడువవలయును. అరుగు కొఱకు మొదలు చుట్టును మట్టి ఎత్తుగ పోయుటయు హానికరమే. బెరడు చెమ్మగిలి కుళ్లును.

ప్రాతఃకాలమున పెరడు ఊడ్చి, ఆకును చెట్టు మొదటనే పోగుచేసి తగులబెట్టు అలవాటు కొన్ని యిండ్లలో నున్నది. శుభ్రత మంచిదే గాని, ఆ వేడికి బెరడు క్రిందనుండు జీవపు పొర చచ్చును. ఆ యాకునే చెట్టు నీడలో మూడు నాలుగంగుళముల మందమున పఱచినచో వేసవిలో నేల చల్లగ నుండును, తడి నిలుచును, క్రమముగ ఎరువగును. మొదటికి మాత్రము జానెడు ఎడముంచవలయును. వేపచెట్టునకు పసుపు కుంకుమలు పెట్టి పూజించువారు దీపమును బెరడునకు తగులకుండ దూరముగ నుంచిన చాలును.

ఇక నీటి సంగతి. ఈ తీరమున వానలలో పెద్దభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియును. జనవరి మొదలు మే వఱకు వాన చినుకు అరుదు. వేసవి ముదిరినపిమ్మట పడమటి వడగాలి యొకవైపు, సముద్రపు ఉప్పుగాలి యొకవైపు. ఈ నెలలే చెట్టునకు కష్టకాలము. దినమునకొక చెంబెడు నీరు మొదట పోయుట మనకు తృప్తియే గాని చెట్టునకు గాదు. నీడ అంచున గుండ్రముగ, వేళ్లు తెగకుండ, లోతులేని పాదు చేసి, పది దినముల కొకమాఱు నెమ్మదిగ నిండ పెట్టవలయును. ఇసుకనేల యైనచో వారమున కొకమాఱు. మఱునాడు సన్నని ఇనుపకడ్డీని గ్రుచ్చి చూడుడు. తడిసినంత మేర అది సులభముగ దిగును. మూరెడు దిగినచో నీరు చాలినట్లు.

ఏ నీరు పోయవలయును? తీరమున పలుచోట్ల బావులును బోరులును ఉప్పనైనవి. మంచినీటి కొఱకు ఇండ్లలో నమర్చుకొను ఆర్.ఓ. యంత్రము వెలుపలికి విడుచు నీరు అంతకంటెను ఉప్పన. దానిని నేల కడుగుటకు వాడుకొనవచ్చును గాని చెట్టునకు పోయరాదు. బట్టల సబ్బునీరును అట్టిదే. బియ్యమును కూరలను మంచినీట కడిగిన నీరును, ఏ.సి. యంత్రమునుండి చుక్కలుగ కారు నీరును చెట్టునకు మేలు. వానకాలమున మిద్దెనీటిని గొట్టముద్వారా పాదునకు మరల్చినచో, వేసవియంతయు నేలలో పేరుకొన్న ఉప్పు లోతునకు కడుగుకొనిపోవును. మామిడి యాకుల అంచులు మాడినట్లయినచో ఉప్పును శంకింపవలయును. కొబ్బరి ఉప్పును బాగుగ ఓర్చును, మామిడి ఓర్వదు, వేప నడుమ నుండును.

కొమ్మలు కొట్టించుటలోనే మిక్కిలి జాగ్రత్త వలయును. తుపాను భయముచే చెట్టు తలను మోడుగ నఱకించువారు కలరు. అట్లు చేసినచో ఆకులు పోయి చెట్టునకు ఆహారము తఱుగును. లేతబెరడు ఎండకు పగులును. మోడునుండి గుబురుగ లేచు క్రొత్తకొమ్మలు పైపైననే అంటుకొని మఱుసటి గాలికే విఱుగును. ఎండినకొమ్మలను, ఇంటికప్పును రాచుకొను కొమ్మలను మాత్రము తీయించవలయును. పెద్దకొమ్మ నొక్కవ్రేటున తీయరాదు. మొదలునుండి మూరెడు దూరమున క్రిందివైపు కొంత కోసి, దానికి కొంచె మావల పైనుండి కోసి బరువును దింపి, పిదప మిగిలిన ముక్కను తీయవలయును. కొమ్మ మొదట మెడపట్టీవలె ఉబ్బిన భాగము చెక్కుచెదరక యుండవలయును; చెట్టు గోడ కట్టుకొనునది అచ్చటనే. కోసినచోట తారు పూయుటయు, తొఱ్ఱలో సిమెంటు నింపుటయు పూర్వ మాచారమే గాని నేడు విడువబడినవి. తడి లోపల చిక్కి కుళ్లు హెచ్చును. బట్టలారవేయు తీగను కాండమునకు చుట్టియున్నచో నేడే విప్పుడు. చెట్టు లావెక్కినకొలది అది ఉరిత్రాడగును.

2021లోను, తరువాతి సంవత్సరములలోను తెలుగు జిల్లాలలో వేపకొమ్మల చివరలు మాడి, చెట్టంతయు చచ్చినట్లు కనబడెను. దోమవంటి యొక పురుగును, ఒక బూజును దీనికి కారణములు. అట్టి చెట్లలో పెక్కు మరల చిగిర్చినవి. కావున ఎండినదని తోచినంతనే గొడ్డలి నెత్తవలదు. చిన్నకొమ్మ బెరడును గోటితో గీచి చూడుడు. లోపల పచ్చగనున్నచో ప్రాణమున్నది.

అయినను మమకారముచే కన్నులు మూసికొనరాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖపట్టణమున వేలకొలది చెట్లు కూలెను. తొఱ్ఱ యున్నంతమాత్రమున చెట్టు అపాయకరము గాదు. చుట్టునున్న గట్టికొయ్య దళసరిగ నున్నచో గొట్టమువలె నిలుచును. కాని క్రొత్తగ ఒకవైపునకు ఒరిగి, రెండవవైపు నేల లేచినను, మొదట పుట్టగొడుగులు మొలచినను, కాండము నిలువున చీలినను, కాలువకొఱకు ఒకవైపు పెద్దవేళ్లను తెగగొట్టియున్నను ఆలస్యము చేయరాదు. తెలిసినవానిచే పరీక్ష చేయింపుడు. బరువు తగ్గించిన చాలునేమో చూడుడు. చాలదని తేలినచో, 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టమునుబట్టి అధికారుల యనుమతి పొంది తీయింపవలయును. బిడ్డల ప్రాణముకంటె చెట్టు ఎక్కువ గాదు.

కడపట ఒక్క మనవి. చెట్టు ఆరోగ్యముగ నున్నపుడే దాని వారసుని నాటుడు. ఈ యేటి వానలలో, పాతచెట్టు నీడకు కొంచె మావల, ఒక వేపమొక్కనో చింతమొక్కనో పెట్టినచో, పెద్దది సెలవు తీసికొనునాటికి చిన్నది ఇంటికప్పును మించి యుండును. మన కోడండ్రు మే నెల మధ్యాహ్నమున కూరలు తఱుగుకొనుటకు నీడ వెదకికొన నక్కఱలేదు.