వల మడుచుటయు విద్యయే

చేపను పట్టు విధము జాలరి యింటి పిల్లవాడు పదియేండ్లకే నేర్చుకొనును. దానిని ఎప్పుడు పట్టరాదో తెలిసికొనుటకు కొన్ని తావులలో రెండు మూడు తరములు పట్టినవి. బడిలో చేపను గూర్చి చెప్పునప్పుడు మొప్పలు, పొలుసులు, రెక్కలు నల్లబల్లపై గీసి చూపుట పరిపాటి. చేపకును ఒక పంచాంగము కలదనియు, దానిని కాదన్నవాని వల ఏనాటికైనను ఉత్తదై తేలుననియు చెప్పు పాఠము అరుదు. ఆ పాఠమునకు తగిన ఉదాహరణము ఉత్తర అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రమున కలదు.

అది రెడ్ లేక్, అనగా ఎఱ్ఱ సరస్సు. ఎగువ, దిగువ భాగములు కలిపి దాని వైశాల్యము సుమారు 450 చదరపు మైళ్ళు. అంతటి విశాలమైన నీటికి లోతు మాత్రము స్వల్పము. దిగువ సరస్సంతయు, ఎగువ సరస్సులో అధికభాగమును ఓజిబ్వే అను ఆదివాసి ప్రజలవి. తూర్పుననున్న కొంతభాగము రాష్ట్ర ప్రభుత్వ పాలనలోనిది. అచ్చటి ముఖ్యమైన చేప వాలై. పిల్లి కన్నువలె దాని కన్ను మసకవెలుతురులో మెఱయును.

ఏప్రిల్ చివరనో మే మొదటనో మంచుగడ్డ కరగును. నీరింకను చల్లగా నుండగనే వాలై చేపలు గులకరాళ్ళ నేలలు వెదకుకొనుచు ఏరులలోనికిని, తీరమునకును వచ్చి రాత్రివేళ గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క తల్లి వేలకొలది గ్రుడ్లు పెట్టునుగాని వానికి గూడు లేదు, కావలి లేదు. బ్రతికి పెద్దవగునవి బహు కొలది. పుట్టిన ఆడచేప తిరిగి తల్లియగుటకు నాలుగైదేండ్లు పట్టును. వేసవిలో ఈ చేప ఎండవెలుగు సహింపదు; కావున జాలరి తెల్లవారుజామునను, ప్రొద్దుగ్రుంకు వేళను, గాలికి నీరు కలగిన దినములందును గాలము వేయును. శరత్తున నీరు చల్లబడగనే చేప ఆబగా మేయును. రాబోవు వసంతపు గ్రుడ్లు ఆడచేప కడుపులో అప్పుడే రూపు కట్టుచుండును. ఆ కాలమున పట్టిన తల్లిచేపతో వచ్చు ఏటి పంటయు పోవుచున్నదని ఎందఱు తలతురు?

పిదప శీతకాలము వచ్చును. నీరు 4 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద అన్నిటికంటె బరువుగా నుండును. అంతకంటె చల్లనైన నీరు పైకి చేరి గడ్డకట్టును. అడుగున చేప బ్రతుకును. సృష్టిలోని ఈ చిన్న ఏర్పాటు లేనిచో ఉత్తరదేశపు సరస్సులందు చేపయే మిగులదు. మనుష్యులు ఆ గడ్డపై చిన్న కొయ్యగదులు నిలిపి, బరమాతో రంధ్రము తొలిచి, కుంపటి ప్రక్కన కూర్చుండి పొట్టి గాలము జార్చుదురు. ఒక్క మనిషి నడచుటకు కనీసము 4 అంగుళముల గట్టి గడ్డ కావలెను. ఓపికలేనివారికి అది చెప్పు పాఠము కఠినము. 2022 నవంబరు చివర ఎగువ సరస్సున ఒక మంచుపలక తీరమునుండి విడిపోగా, దానిపై చిక్కిన సుమారు 200 మందిని రక్షింపవలసి వచ్చెను.

ఈ పంచాంగమును కాదన్నందువలననే ఎఱ్ఱ సరస్సు ఒకప్పుడు ఉత్తదయ్యెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1917లో, ఆహారపు కొఱతను తీర్చుటకై అచ్చట అమ్మకపు వేట ఆరంభమైనది. 1929లో జాలరుల సహకార సంఘము ఏర్పడెను. ఏటికింతయని పరిమితి కాగితముపై నున్నను, పట్టుబడి దానిని మీఱుచు వచ్చెను. దొంగచాటు అమ్మకములు తోడయ్యెను. రాష్ట్రభాగమున గాలము వేసినవారును తక్కువ తినలేదు. 1990 దశకము నడుమకు వలలో వాలై కనబడుట అరుదయ్యెను.

అప్పుడు జరిగినదే ముఖ్యము. 1997లో ఆదివాసి జాలరులు తమంత తామే వలలు మడువ నిశ్చయించుకొనిరి. 1999లో తెగ, రాష్ట్రము, కేంద్ర ప్రభుత్వ శాఖ కలిసి ఒడంబడిక చేసికొనగా సరస్సంతటను వాలై వేట నిలిచెను. 1999, 2001, 2003 సంవత్సరములలో చేపపిల్లలను కోట్లకొలది వదలిరి. 2006లో వేట మరల మొదలయ్యెను. ఆదివాసులు ఈ మాఱు వలలు విప్పక గాలములతోనే ఆరంభించిరి.

చేపపిల్లలను వదలిన శాస్త్రజ్ఞులదే ఈ ఘనతయని కొందఱనవచ్చును. వల మడిచినవారు లేనిచో ఆ పిల్లలు తల్లులగుదాక బ్రతికెడివా? చట్టము అంతకు ముందును కలదు. అది ఒక్కటియే సరస్సును కాపాడలేకపోయెను. నష్టము భరింపవలసినవారే నిషేధమును తమదిగా చేసికొన్నప్పుడు అది ఫలించెను.

ఇందు మఱియొక మాటయు న్యాయముగా చెప్పవలెను. వల మడిచిన యింట పొయ్యి యెట్లు వెలుగును? నీతి చెప్పుట సులభము, పస్తుండుట సులభము కాదు. ఆంధ్రతీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు, 61 దినములు, మరపడవల సముద్రపు వేటకు విరామము. ఆ దినములకు జాలరి కుటుంబములకు భృతి యిచ్చు పద్ధతియు కలదు. అది దానము కాదు. రేపటి చేపను కాపాడినందుకు సంఘము చెల్లింపవలసిన బాకీ. ఎఱ్ఱ సరస్సువారు ఓర్చినది రెండు నెలలు కాదు, తొమ్మిదేండ్లు.

నేడు ఆ పంచాంగమే కదలుచున్నది. గడచిన అర్ధశతాబ్దిలో మిన్నెసోటా సరస్సులపై గడ్డ నిలుచు కాలము సగటున 10 నుండి 14 దినములు తగ్గినదని ఆ రాష్ట్ర ప్రకృతివనరుల శాఖ చెప్పుచున్నది. తేదీలు గుర్తుంచుకొన్నంత మాత్రమున ఇక చాలదు. ఏటేట నీటిని చూచి నేర్చుకొనవలెను.

ఉపాధ్యాయులు నల్లబల్లపై చేప బొమ్మ గీసిన పిదప దాని ప్రక్కనే పండ్రెండు నెలలును వ్రాయింతురు గాక. ఊరి చెఱువులోని చేప ఏ నెలలో గ్రుడ్లు పెట్టునో జాలరిని అడిగి రండని పిల్లలను పంపుదురు గాక. ఆ సమాధానము తెలిసిన పిల్లవాడు పెద్దవాడైన పిదప, ఎవరును చెప్పకయే ఆ నెలలో వల మడుచును.