ఆకాశం నుంచి వచ్చే ఇటుకలు

మన కామాటిపురాకు ఆ పేరు కామాటీల వల్ల వచ్చింది. ఈ నగరపు కట్టడాలకు చెమటోడ్చిన తెలుగువారు వారు. కనుక ఇటుక వేరు, ఇల్లు వేరు అని మనకు వేరే చెప్పనక్కరలేదు. ఉల్కల విషయంలోనూ ఈ తేడా గుర్తుంచుకోవాలి.

1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర ఒక ఉల్క ముక్కలై పడింది. అందులో ఆమినో ఆమ్లాలున్నవని, శ్రీలంకలో పుట్టిన సిరిల్ పొన్నంపెరుమా, ఆయన సహచరులు 1970లో ప్రకటించారు. మన ఒంట్లోని మాంసకృత్తులకు ఇవే ఇటుకలు. వాటిలో కొన్ని ఇక్కడి జీవుల మాంసకృత్తులలో కనిపించనివి. కనుక అన్నీ నేలమీద అంటుకున్నవి కావు.

వైల్డ్-2 తోకచుక్క ధూళిని స్టార్‌డస్ట్ నౌక 2006లో భూమికి చేర్చింది. అందులో గ్లైసిన్ అనే ఆమినో ఆమ్లం వున్నదని 2009లో వెల్లడైంది. అంతరిక్షపు ధూళి ఏటా వేల టన్నులు భూమికి దిగుతూనే వున్నది. మరీ సన్నని రేణువులు పైగాలిలోనే వేగం తగ్గి, పూర్తిగా కాలిపోకుండా మెల్లగా రాలుతవి. మన చాళ్ల కప్పులమీద కూడా!

మరి జీవమే దిగివస్తున్నదా? 2005 ఏప్రిల్‌లో హైదరాబాదు నుంచి ఎగిరిన బెలూను, 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలిని పట్టి తెచ్చింది. బెలూను కేంద్రం మన కొలాబాలోని టాటా పరిశోధన సంస్థది. ఆ గాలిలో మూడు కొత్త జాతుల సూక్ష్మజీవులు దొరికినవని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఆర్యభట్టు పేరు పెట్టారు. అయితే అవి పైలోకం నుంచి వచ్చినవని రుజువు కాలేదని ఆ ప్రకటనలోనే చెప్పారు.

పిల్లలడిగితే ఇంతవరకే చెప్పండి: ఇటుకలు వచ్చిన మాట నిజం; ఇల్లు లేచిన తీరు ఇంకా తేలలేదు.