గోడమీద పేర్లున్న తోట



పోయిన సంచికలో పెరటి కూరమళ్ళ గురించి వ్రాశాం. అది చదివిన కొందరు సహోదరీలు, "మీరు ఇంగ్లండు వెళ్ళి వచ్చారు గదా, అక్కడి తోటల సంగతి కూడా చెప్పండి" అని అడిగారు. చెప్పవలసిన సంగతే. ఎందుకంటే అక్కడ ఒక తోట చూసి వచ్చాక మా ఇంటి వ్యవహారమొకటి మలుపు తిరిగింది.

మా అమ్మాయి ఇంగ్లండు నైరుతి మూలనున్న ప్లిమత్ పట్టణంలో నర్సుగా పనిచేస్తున్నది. మేమిద్దరం ఉద్యోగ విరమణ తరువాత రెండు దఫాలు ఆమె దగ్గరకు వెళ్ళాం. మొదటిసారి ఏప్రిల్ నుండి సెప్టెంబరు ఆఖరు వరకు ఉన్నాం. మరుసటి సంవత్సరం జనవరిలో మళ్ళీ వెళ్ళాం. ఆ దేశపు పల్లెల్లో పాతకాలపు జమీందారుల బంగళాలు, వాటి చుట్టూ తోటలు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఇప్పుడు టిక్కెట్టు పెట్టి ప్రజలకు చూపిస్తున్నారు. సెలవు రోజున కుటుంబాలు భోజనం కట్టుకొని వెళ్ళి పొద్దుగూకే దాకా అక్కడే గడుపుతాయి. మేము కూడా పులిహోర డబ్బాలతో బయలుదేరేవాళ్ళం.

మూడు నాలుగు తోటలు చూశాం గాని, మా మనసు పట్టుకున్నది ఒక్కటే. దాని పేరు హెలిగన్. కార్న్‌వాల్ ప్రాంతంలో, మెవగిసీ అనే జాలరుల ఊరికి దగ్గరలో ఉన్నది. ఆ ప్రాంతపు పాత భాషలో ఆ పేరుకు నీటి ఒడ్డున పెరిగే విల్లో చెట్టు అని అర్థం. దాదాపు 200 ఎకరాల ఆ ఎస్టేటు ట్రెమేన్ అనే కుటుంబానిది. ఆ ఒక్క తోటకే నాలుగు కాలాల్లో నాలుగుసార్లు వెళ్ళాం.

మొదటిసారి వెళ్ళింది ఏప్రిల్ నెలాఖరులో. చలి ఇంకా వదలలేదు. మేము శాలువాలు కప్పుకొని నడుస్తుంటే, ఇంటి కప్పుకంటె ఎత్తైన చెట్లు ఎర్రని, గులాబీ రంగు పూలతో నిండి ఉన్నాయి. రాలిన రేకులు దారి పొడుగునా పరచుకున్నాయి. అవి రోడోడెండ్రాన్ పూలు. వాటిలో కొన్ని మన దేశపు కొండల సంతతివే. జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1848, 1849 సంవత్సరాలలో సిక్కిం కొండల్లో తిరిగి సేకరించి పంపిన విత్తనాలు ఇటువంటి తోటలకు చేరాయి. పరదేశంలో మన కొండల చెట్టు కనబడితే చుట్టాలు కనబడినట్టే అయింది.

అయితే ఆ చెట్లు ఎన్నో ఏళ్ళు ఎవరి కంటా పడలేదు. 1914 నాటికి ఈ తోటలో ఇరవై ఇద్దరు తోటమాలులు పనిచేసేవారు. ఆ సంవత్సరం ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పడుచువాళ్ళు పారలు దించి తుపాకులు పట్టుకొని వెళ్ళారు. 1916 నాటికి ఎనిమిది మంది మాత్రమే మిగిలారు. వెళ్ళినవాళ్ళలో అనేకులు తిరిగి రాలేదు. తరువాత బంగళాను అద్దెలకిచ్చారు. ముళ్ళ పొదలు, తీగలు గాజు ఇళ్ళను కప్పేశాయి. 1990 జనవరిలో వచ్చిన పెద్ద గాలివాన మరిన్ని చెట్లు పడగొట్టింది. సరిగ్గా మరుసటి నెలలోనే ఆ కుటుంబపు వారసుడు జాన్ విల్లిస్, టిమ్ స్మిట్ అనే మిత్రుణ్ణి వెంటబెట్టుకొని కత్తితో తీగలు నరుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. ఆ నాటినుండి తోటకు మళ్ళీ ప్రాణం వచ్చింది. 1992లో జనానికి తెరిచారు.

ఈ కథ విన్నప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కారణం చెప్పాలి. నూజివీడు ప్రాంతంలో మా నాన్నగారు వేసిన మామిడి తోట ఉన్నది. మూడెకరాలు. బంగినపల్లి, చిన్న రసాలు. పిల్లలు దూరదేశాల్లో స్థిరపడ్డారు, మాకు ఓపిక తగ్గింది. కలుపు తీయించే దిక్కు లేక పాదులు పూడిపోయాయి. ఇళ్ళ స్థలాలు చేసుకుంటామని ఒకాయన బేరం పెట్టాడు. "వెళ్ళి వచ్చి మాట చెబుతాం" అని విమానం ఎక్కాం. ఆ బరువు మాతోబాటే ఉన్నది.

రెండవసారి జూలైలో వెళ్ళాం. పూలు పోయి కూరగాయల మళ్ళు నిండుగా ఉన్నాయి. యుద్ధానికి ముందు పండించిన పాతకాలపు రకాలనే వెదకి తెచ్చి వేస్తారట. చుట్టూ ఎత్తైన ఇటుక గోడలున్నాయి. పగటి ఎండను దాచుకొని రాత్రి చెట్లకు వెచ్చదనమివ్వడానికి. ఆ గోడల కానించి పండ్ల చెట్ల కొమ్మలను చేతులు చాచినట్టు కట్టారు. తేనెటీగల బుట్టలు పెట్టుకోవడానికి గోడలోనే గూళ్ళు కట్టారు.

అక్కడ మాకు అన్నిటికంటె నచ్చినది అనాస గొయ్యి. అంత చలిదేశంలో అనాసపండు ఎలా పండిస్తారు? నేలలోకి ఇటుకలతో గొయ్యి కట్టి, పైన గాజు మూతలు పెట్టారు. గొయ్యికి రెండు ప్రక్కలా కాలువల్లాగ తవ్వి పచ్చి గుర్రపు లద్దె నింపుతారు. అది కుళ్ళేటప్పుడు పుట్టే వేడి, ఇటుకల మధ్య వదలిన చిల్లులగుండా లోపలికి పోయి మొక్కలకు తగులుతుంది. మన ఇళ్ళలో పెంటకుప్ప కదిపితే ఆవిరి లేస్తుంది గదా, ఆ ఆవిరితోనే పంట! వేడి చల్లారగానే పాతది తీసి కొత్తది వేయాలి. 1997లో పండిన రెండవ పండును రాణి ఎలిజబెత్ దంపతుల యాభైయవ వివాహ వార్షికోత్సవానికి పంపారట. మొదటి పండును తోటవాళ్ళే కోసుకొని తిని చూశారు, వాసన ఏమైనా పట్టిందేమోనని!

మూడవసారి సెప్టెంబరు చివర. ఆపిల్ పళ్ళు రాలుతున్నాయి, గుమ్మడికాయలు పండి ఉన్నాయి. అడవి దారిలో మట్టితో చేసిన ఒక నిద్రపోయే స్త్రీ బొమ్మ ఉన్నది. స్యూ హిల్, పీట్ హిల్ అనే తోబుట్టువులు 1997లో చేశారు. ఆమె జుట్టు గడ్డి, ఆమె చీర తీగలు. వసంతంలో చూసిన పచ్చని జుట్టు అప్పటికి పండుబారింది. మా మనుమరాలు, "అమ్మమ్మా, ఈమెకు కూడా జుట్టు నెరుస్తున్నది" అన్నది.

ఆ రోజే ఆ చిన్న గది చూశాం. తోటమాలులకు కట్టిన పాత మరుగుదొడ్డి. పైకప్పు కూలి, తీగల క్రింద మూసుకుపోయి ఉంటే 1990లో బయటపెట్టారు. లోపలి సున్నపు గోడమీద పెన్సిలుతో ఆ పనివాళ్ళు వ్రాసుకున్న తమ పేర్లు మసకగా కనబడ్డాయట. పేర్ల దగ్గర 1914 ఆగస్టు అని తేదీ. ఆ పేర్లలో కొన్ని చుట్టుపక్కల ఊళ్ళలోని యుద్ధ స్మారకాలమీద కూడా ఉన్నాయి. జమీందారు పేరు బంగళాకు, కాగితాలకు ఉంటుంది. పారపట్టిన వాని పేరు మాత్రం మరుగుదొడ్డి గోడమీద మిగిలింది. 2013లో బ్రిటన్ యుద్ధ మ్యూజియంవారు ఆ గదిని సజీవ స్మారకంగా గుర్తించారు.

మేము మాట్లాడకుండా నిలబడ్డాం. మనుమరాలు చెయ్యి లాగి, "తాతయ్యా, మన మామిడి తోటలో గుంటలు తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడ వ్రాశారు?" అని అడిగింది.

ఎక్కడా వ్రాయలేదు. ఆ సంగతి మాకు అప్పటిదాకా తోచనే లేదు. "మా నాన్న వేసిన తోట" అని ఏభై ఏళ్ళు చెప్పుకున్నాం. నాన్నగారు బడిపంతులు. ఆయన గునపం పట్టి ఎరుగడు.

నాలుగవసారి జనవరిలో వెళ్ళినప్పుడు చాలా చెట్లు మోడులై ఉన్నాయి. నేల బురద. చూడడానికి వచ్చినవాళ్ళు తక్కువ. అయినా తోటమాలులు వానలో తడుస్తూ ఎరువు మోస్తున్నారు, కొమ్మలు కత్తిరిస్తున్నారు. పొదల క్రింద తెల్లని చిన్న పూలు తల వంచుకొని పూసి ఉన్నాయి. మే నెలలో జనం మెచ్చుకునేది జనవరిలో చేసిన ఈ పనినేనని మాకు అర్థమైంది.

ఇంటికి తిరిగి రాగానే తోట దగ్గరున్న పెద్దాయన ఇంటికి వెళ్ళాం. ఆయనకు ఎనభై దాటాయి, చూపు మందగించింది. మా నాన్నగారి దగ్గర పాలేరుగా చేసినవాడు. అరుగుమీద కూర్చొని, "బాబాయ్, ఆ తోట గుంటలు తవ్వింది ఎవరెవరు?" అని అడిగాం. "ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా మీకు?" అన్నాడు. మేము తల వంచుకున్నాం. కాసేపటికి ఆయనే వేళ్ళమీద లెక్కపెట్టి పదకొండు పేర్లు చెప్పాడు. నలుగురు ఆడవాళ్ళు. రెండు వేసవులు చెరువునుండి కావిళ్ళతో నీళ్ళు మోసి మొక్కలను బ్రతికించింది వాళ్ళేనట. అందులో ఒకామె మోత మోస్తూ పడిపోయి బిడ్డను పోగొట్టుకున్నదట. ఆ మాట మాకెవ్వరూ చెప్పలేదు. లేక, మేము అడగలేదు.

తోట అమ్మలేదు. పెద్దాయన మనుమడు కౌలుకు చేస్తానన్నాడు. మొదటి ఏడు కాపు అంతంతమాత్రం, కౌలు సగమే పుచ్చుకున్నాం. పాదులు మళ్ళీ చేశాడు, పెంట తోలాడు. వచ్చే ఏడు ఎలా ఉంటుందో చూడాలి. ఎప్పటికీ అమ్మము అని ప్రమాణం చేయలేము. పిల్లల అవసరాలు ఎలా వస్తాయో ఎవరికి తెలుసు? కాని బావి గట్టున ఒక నాపరాయి పాతించి, పదకొండు పేర్లూ చెక్కించాం. పెద్దాయన చూపు ఆనక వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. తన పేరు దగ్గర చెయ్యి ఆగింది. ఏమీ అనలేదు.

పాఠకులారా, మీ ఊళ్ళో కూడా పాత తోట, పాత బావి, చెరువుగట్టున చింతచెట్ల వరుస ఉండకపోవు. వేసవి సెలవులకు పిల్లలు వచ్చినప్పుడు వాటి దగ్గరకు తీసుకు వెళ్ళండి. ఒక్కసారి కాదు, పూతకాలంలో, కాపుకాలంలో, ఆకు రాలేకాలంలో కూడా తీసుకు వెళ్ళండి. ఎవరు వేశారో కాదు, ఎవరు తవ్వారో, ఎవరు నీళ్ళు మోశారో అడిగి తెలుసుకోండి. చెప్పగలిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు ఉండగానే అడుగుదాం.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.