తొంభై రోజుల లెక్క ఎవరికీ పట్టదా?

అరుణా మిల్లర్ 2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేసినప్పుడు మనవాళ్లు ఏం చెప్పుకున్నారు? కాట్రగడ్డ వారి ఆడపడుచు అని, హైదరాబాద్‌లో పుట్టిందని, భగవద్గీత మీద చేయి పెట్టి ప్రమాణం చేసిందని. నేటికీ సన్మాన సభల్లో అదే పాట. అంతకుముందు ఎనిమిదేళ్లు ఆమె ఏ సభలో కూర్చుందో, ఆ సభ ఎలా నడుస్తుందో ఎవరూ ఎత్తరు. నా కోపమంతా అక్కడే.

రవాణా ఇంజినీరుగా మాంట్‌గమరీ కౌంటీలో పనిచేసిన ఆమె 2010లో మేరీలాండ్ ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 2014లో మళ్లీ గెలిచారు. 2018లో అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేయబోయి సొంత పార్టీ ప్రైమరీలోనే డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడారు. ఆ ఎనిమిదేళ్లూ ఏటా జనవరిలో సభ మొదలయ్యేది, వరసగా 90 రోజులు నడిచేది. ఆ గడువు గవర్నర్ దయ కాదు, మేరీలాండ్ రాజ్యాంగమే పెట్టింది. శని, ఆదివారాలు తీసేసినా అరవైకి పైనే. బిల్లు వస్తే కమిటీ విచారణకు మామూలు మనిషి వెళ్లి తన గోడు చెప్పుకోవచ్చు.

మరి మనకో? దేశంలో శాసనసభలు ఈమధ్య ఏడాదికి సగటున పాతిక రోజులు కూడా కూర్చోవడం లేదని చట్టసభల పనితీరును గమనించే పీఆర్‌ఎస్ సంస్థ లెక్కలు చెబుతున్నాయి. మన రాజ్యాంగం 174వ అధికరణ కోరేది ఒక్కటే: రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు. ఏడాదికి రెండుసార్లు తలుపు తీస్తే చాలు!

90 అన్న అంకె అమెరికా నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు. రాజ్యాంగ పనితీరును సమీక్షించిన వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే చెప్పింది: 70 మందికి మించి సభ్యులున్న శాసనసభ ఏటా కనీసం 90 రోజులు సమావేశం కావాలి. మన ఆంధ్రప్రదేశ్ సభలో 175 మంది ఉన్నారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ 90ని ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ నేను చూడలేదు.

ఎమ్మెల్యేకి నియోజకవర్గమే ముఖ్యం, సభ కాదు అనేవాళ్లున్నారు. పెళ్లికీ పరామర్శకీ రావద్దని ఎవరూ అనరు. కానీ మా రెడ్డిగూడెంలో బంగినపల్లి, కలెక్టర్ మామిడి కాయలు కోతకొచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. బడ్జెట్ సమావేశాలు మార్చిలోనే సర్దేస్తారు. నున్న మార్కెట్‌లో తరుగు ఎంత తీస్తున్నారో, నల్లతామర పురుగు పూతనెలా తినేస్తోందో రైతు ఎక్కడ చెప్పుకోవాలి? మంత్రి ఇంటి ముందు క్యూలోనా?

ఆ పాతిక రోజులకైనా వెళ్తారా అంటే అదీ లేదు. 2017లో జగన్ పార్టీ సభను బహిష్కరించింది. 2021లో చంద్రబాబు శపథం చేసి బయటికి నడిచారు. 2024 తర్వాత మళ్లీ జగన్ వంతు, ప్రతిపక్ష హోదా పేరుతో. ఓటరు వీళ్లను పంపింది హోదా కోసమా? ఎవరి బహిష్కరణ న్యాయమైందో తేల్చుతూ మన విశ్లేషకులు పేజీలకు పేజీలు నింపారు. 90 రోజుల మాట వాటిలో వెతికినా కనపడదు.

రేపు అరుణ గారిని పిలిచి శాలువా కప్పే నాయకులారా, ఏడాదికి 90 రోజులు సభ నడిపిస్తామని ముందు అదే వేదిక మీద రాసివ్వండి. రాసివ్వలేకపోతే ఆ శాలువా కప్పే అర్హత మీకు లేదు.