గురికే కాదు, గుండెకూ సాధన కావాలి

పిస్తోలు అనగానే మనకు సినిమాయే గుర్తుకొస్తుంది. హీరో వెనక్కి తిరిగి చూడకుండానే కాలుస్తాడు, నలుగురు పడిపోతారు, హాలంతా ఈలలు. షూటింగ్ రేంజ్‌లో ఆ ఆటలు సాగవు. అక్కడ మొదటి పాఠం కాల్చడం కాదు, కాల్చకుండా ఉండటం. పిస్తోలు మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఆపమంటే అక్కడికక్కడే ఆపాలి. ఈ నియమాలు ఒంటబట్టిన తరువాతే గురి సంగతి. ఈ క్రీడ నుండి హాస్టల్ విద్యార్థులమైన మనం నేర్చుకోవలసింది ఒకటుందని మా అభిప్రాయం. గురి నేర్చుకోవడం వేరు, ఒత్తిడిలో గురి నిలుపుకోవడం వేరు. రెండోదానికి విడిగా సాధన చేయాలి.

ముందు ఈ ఆట ఎంత సూక్ష్మమైనదో చూద్దాం. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో నిలబడి, ఒంటి చేత్తో కాల్చాలి. రెండో చేయి ఊతం ఇవ్వకూడదు. గుండు సైజు 4.5 మిల్లీమీటర్లు. పది మార్కుల వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు, అంటే మన చొక్కా బొత్తాం అంత. అర్హత పోటీలో 60 గుండ్లకు 75 నిమిషాల సమయం. పిస్తోలు మీద ముందొకటి, వెనుకొకటి గురి చూసుకునే గుర్తులుంటాయి. వాటి పొందికలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే టార్గెట్ దగ్గర అది దాదాపు 30 మిల్లీమీటర్లు అవుతుంది. పది రావలసిన చోట ఏడో ఆరో వస్తుంది.

భయం వేసినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది? గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, పిడికిలి బిగుసుకుంటుంది. తొందరగా అయిపోతే చాలని మనసు పోరు పెడుతుంది. మెల్లగా నొక్కవలసిన ట్రిగ్గర్‌ను వేలు ఒక్కసారిగా లాగేస్తుంది. కన్ను సరిగానే ఉంది, పిస్తోలు సరిగానే ఉంది, గుండు మాత్రం పక్కకు పోయింది!

అందుకే మంచి కోచ్‌లు ఒత్తిడిని సాధనలోకే తెచ్చిపెడతారు. గడియారం పెట్టి కాల్పిస్తారు. పక్కన గోల చేయిస్తారు. పరుగెత్తించి, గుండె దడదడలాడుతుండగానే గురి చూడమంటారు. తక్కువ మార్కులు వచ్చినవారు తప్పుకోవలసిన ఫైనల్‌ను రేంజ్‌లోనే ఆడిస్తారు. మహిళల 25 మీటర్ల పిస్తోలు పోటీలో రెండో భాగం చూడండి. చేయి కిందికి దించి నిలబడాలి. 3 సెకన్లలో చేయి లేపి, గురి చూసి, ఒక్క గుండు కాల్చాలి. 7 సెకన్ల విరామం, మళ్లీ 3 సెకన్లు. పురుషుల ర్యాపిడ్ ఫైర్‌లో 5 టార్గెట్లకు 5 గుండ్లు, ముందు 8 సెకన్లలో, తరువాత 6, ఆఖరికి 4 సెకన్లలో కాల్చాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్‌కు రజతం తెచ్చింది ఈ పోటీయే. 4 సెకన్లలో ఆలోచనకు తావెక్కడ? వేలసార్లు అలవాటైన పనినే చేయి చేస్తుంది.

2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్తోలు పోటీ మధ్యలో పాడైపోయింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన సమయం కరిగిపోయింది. 575 మార్కులతో 12వ స్థానం. 2 మార్కుల తేడాతో ఫైనల్ చేజారింది. 2024 జూలై 28న పారిస్‌లో అదే పోటీ ఫైనల్లో 221.7తో కాంస్యం గెలిచింది. ఆ ఫైనల్లో చివరి గుండ్లు ఒక్కొక్కటి 50 సెకన్లలో కాల్చాలి, రెండేసి గుండ్లకు ఒకరు ఇంటిదారి పట్టాలి. రెండు రోజులకే సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మరో కాంస్యం. ఆ తరువాత 25 మీటర్ల ఫైనల్లో షూటాఫ్‌లో ఓడి 4వ స్థానంతో ఆగింది. రెండు పతకాలు గెలిచిన చేతికి కూడా ఒత్తిడి తప్పదన్నమాట. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. ధైర్యం పుట్టుకతో వచ్చేదైతే వీళ్లందరికీ రేంజ్‌తో పనేముంది?

ఇక మన సంగతికి వద్దాం. మన ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మనమే. ఒక పరీక్ష పోతే మరో ఏడాది కూర్చోబెట్టి చదివించే స్తోమత ఇంట్లో ఉండదు. మనకు ప్రతి గుండూ ఫైనల్ గుండే. మనవాళ్లు స్టడీ అవర్‌లో చదువుతారు, తెల్లవారుజామున లేచి చదువుతారు, కరెంటు పోతే వరండాలో చదువుతారు. కాని గడియారం పెట్టుకుని రాసేది తక్కువ. కొత్తవారి ముందు నిలబడి మాట్లాడేది ఇంకా తక్కువ. వేలకు వేలు ఫీజు కట్టి కోచింగ్ తీసుకునేవారు వారంవారం మాదిరి పరీక్షలు రాస్తారు. మనవాడు గడియారంతో పోటీపడి రాసేది అసలు పరీక్ష రోజునే. జవాబు తెలిసీ పేపరు పూర్తికాక బయటికి వస్తాడు. ఇంటర్వ్యూ గదిలో నోరు ఎండిపోతుంది. తెలివి లేకనా? కాదు, ఆ గదికి అలవాటు లేక.

"ఆకలి, అప్పులు, అవమానాలు చూసి వచ్చిన పిల్లలకు మళ్లీ ఒత్తిడి ఎందుకండీ?" అని పెద్దలు కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని నెత్తిన పడే కష్టం వేరు, కొలిచి ఇచ్చే కష్టం వేరు. మొదటిది మనిషిని అలసిపోయేలా చేస్తుంది. రెండోదానికి నియమం ఉంటుంది, పక్కన నేర్పేవారుంటారు, గురి తప్పినా రేపు మళ్లీ అవకాశం ఉంటుంది. రేంజ్ మనకిచ్చే నమూనా అదే. ఎవరెస్టు ఎక్కకముందు మలావత్ పూర్ణకు భువనగిరి గుట్ట మీద, ఆ తరువాత లడఖ్ చలిలో శిక్షణ ఇచ్చారు. 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఆమె శిఖరం చేరింది. ఆమె సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినే కదా!

పోటీస్థాయి ఎయిర్ పిస్తోలు ధర లక్ష రూపాయలు దాటుతుంది. ఆ ఖర్చు మన తల్లిదండ్రుల వల్ల కాదు. అందుకే ఆసక్తి ఉన్న హాస్టల్ పిల్లలకు ప్రభుత్వ రేంజ్‌లలో కోచ్ పర్యవేక్షణలో ఉచితంగా సాధనకు వీలు కల్పించాలని అడుగుతున్నాం. అయితే షూటర్లు చేసే సాధనలో ఎక్కువ భాగం గుండు లేకుండానే సాగుతుంది. ఖాళీ పిస్తోలుతో ఒకే కదలికను వందలసార్లు చేస్తారు. దానికి గుండ్ల ఖర్చు లేదు.

అటువంటి ఖర్చు లేని సాధన మన హాస్టల్లోనూ మొదలుపెట్టవచ్చు. నెలకో ఆదివారం డైనింగ్ హాల్లో, బయటివారి పర్యవేక్షణలో, నిమిషం అటూ ఇటూ కాకుండా పూర్తి పరీక్ష రాద్దాం. ఉద్యోగాల్లో స్థిరపడ్డ అన్నలూ, అక్కలూ, వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్లకండి. ఒక పూట కూర్చుని తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇంటర్వ్యూ చేయండి. కఠినంగానే అడగండి. మీ ముందు తడబడినవాడు ఆ తడబాటును అసలు గదిలోకి మోసుకెళ్లడు. వార్డెన్ గారూ, మాకు కావలసింది ఒక గోడ గడియారం, ఖాళీ చేసిన హాలు, మీ అనుమతి. వచ్చే నెల మొదటి ఆదివారం నుండే మొదలుపెడదాం.