పెంపుడు కుక్కతో విడిది

శీతకాలము ప్రవేశించెనన్న విశాఖపట్టణవాసుల చూపు కొండలవైపు మరలును. ఉక్కునగరమునందును, ఓడరేవు ప్రాంతమునందును కాపురముండు కుటుంబములు నాలుగు దినములు సెలవు దొరకినచో అనంతగిరికో, అరకులోయకో, లంబసింగికో బయలుదేరుచున్నవి. పూర్వము ప్రయాణమనిన పిల్లలు, పెద్దలు, పెట్టెలు, ఊరగాయ జాడీ, వీనితో సరిపోయెడిది. ఇప్పుడు పెక్కిండ్లలో కుక్క యొకటి బిడ్డలతో సమానముగా పెరుగుచున్నది. దానిని విడిచిపోవుటకు పిల్లలొప్పరు. తోడ్కొనిపోయినచో ఎచట దిగవలయునన్నది ఇల్లాలి చింత.

విడిదులవారు "కుక్కలకు అనుమతి కలదు" అని ప్రకటించుచుందురు. ఈ యొక్క మాటను నమ్మి సొమ్ము చెల్లింపరాదు. ఒకచోట అనుమతి యనగా గదిలోనికి రానిత్తురని యర్థము. మరియొకచోట వంటయింటి వెనుక గుంజకు కట్టుకొనవచ్చునని యర్థము. కావున సోదరీమణులు ముందుగా ఫోనులో అడుగవలసిన ప్రశ్న యిది: "రాత్రి మా కుక్క ఎచట పరుండును?" పగలు ఏ చోటైనను బాగుగనే యుండును, విడిది మంచిచెడ్డలు రాత్రియే తేల్చును.

కొండప్రాంతమున రాత్రి వేరు. చిరుతపులికి కుక్క మిక్కిలి ప్రియమైన యాహారము. అది సంచరించు నడవి యంచున గుడారము వెలుపల గొలుసుతో కట్టిన కుక్క పారిపోవుటకైన వీలులేని యెర యగును. ఊరికుక్కలు గుంపుగా వచ్చినను అంతియే. మరియు డిసెంబరు, జనవరి మాసములలో లంబసింగియందు చలి పది డిగ్రీలకు లోబడి, ఒక్కొక్క తెల్లవారుజామున సున్న దాపునకు దిగును. సముద్రపుగాలికి అలవడిన పొట్టి బొచ్చు కుక్క తడినేలపై పరుండి యా చలి కోర్వలేదు. ప్రహరీగోడయు, తలుపు మూయ వీలగు గదియు గలచోటు ఉత్తమము. గుడారమే కావలెనన్నచో కుక్కయు లోపలనే, నేలకంటక పరచిన మందపు గొంగడిమీద, మీ కాళ్లచెంతనే పరుండవలయును. అందు కొప్పుకొనని విడిది, ఎంత చూడముచ్చటగా నున్నను, కుక్కగలవారికి పనికిరాదని నా దృఢాభిప్రాయము.

ఇక రెండవది ఆతిథ్య మిచ్చువారి సంగతి. అరకు, అనంతగిరి ప్రాంతములందలి విడిదులు పెక్కింటికి గిరిజన గ్రామములు పొరుగు. అచట కోళ్లు, మేకలు యథేచ్ఛగా తిరుగుచుండును. పట్టణపు మేడలో పెరిగిన కుక్క కోడిని చూచినంతనే వేటకు లంకించుకొనును. మన పిల్లలకది వినోదము. ఆ కోడి గల యింటి యిల్లాలికది సంతలో అమ్ముకొనదగిన సొమ్ము. మేకపిల్ల సంగతి చెప్పనేల? అమెరికా దేశమున బండినే యిల్లుగా నమర్చుకొని కుటుంబములు దేశాటనము చేయుచుండును. వారు దిగు జాతీయోద్యానములలో కుక్కను ఆరడుగులకు మించని త్రాటితో పట్టుకొనవలయునని నియమము. ఇచట అట్టి బండితో వచ్చిన వారైనను, గుడారమున దిగువారైనను ఆ యారడుగుల కొలతనే పాటించుట మేలు. త్రాడు విప్పి విడువదలచినవారు నాలుగు వైపుల కంచె గల చోటు ముందుగానే వెదకికొనవలయును.

పిచ్చికుక్క వ్యాధి నిరోధించు టీకా లేనిదే కుక్కను ఊరు దాటింపరాదు. ఈ వ్యాధి లక్షణములు పైకి తోచిన పిమ్మట మనుష్యునకు గాని, జంతువునకు గాని బ్రతుకుట దాదాపు కల్ల. కుక్కపిల్లకు మూడవ మాసమున మొదటి టీకా వేయింతురు. దాని బలము చేకూరుటకు నాలుగు వారములు పట్టును. కావున నిన్న టీకా వేయించి నేడు బయలుదేరుట వ్యర్థము. పశువైద్యుడిచ్చిన పత్రమును వెంట నుంచుకొనుడు. ఆ పత్రమును చూపుమని పట్టుబట్టు విడిదివారిని గూర్చి కొందరు విసుగుకొనుచుందురు. నాకు మాత్రము అట్టి విడిదియే నమ్మదగినదని తోచును. మిమ్ము అడుగనివారు మీకు ముందు దిగినవారిని గూడ అడిగియుండరు గదా! త్రోవలో నే కుక్క కరచినను, గీరినను, ఆ గాయమును సబ్బుతో, పారునీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యశాలకు పోవలయును. కావున సమీపమున వైద్యశాలయు, పశువైద్యశాలయు ఎంతదూరముననున్నవో కనుగొనుటయు విడిది యెంపికలో భాగమే.

ప్రయాణమును గూర్చి కొంచెము. అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటిన పిమ్మట ఘాటురోడ్డు మలుపులకు మనుష్యులకే వాంతులగును; కుక్కకు మూడు నాలుగు గంటల ముందే కొద్దిపాటి భోజనము పెట్టి, తరువాత నీరు మాత్ర మీయవలయును. రైలులో ఏ.సీ. మొదటితరగతియందు గది యంతయు మీరే తీసికొన్ననే కుక్కను చెంత నుంచుకొన వీలగును. లేనిచో గార్డుపెట్టెలోని కుక్కలబోనే దానికి గతి. అరకు పోవు అద్దాలపెట్టెలో దానికి చోటులేదు. కారులో పోవువారు ఫలహారమునకు దిగి, అద్దములు బిగించి, కుక్కను లోపల విడువరాదు. ఎండలో పదినిమిషములకే లోపలి వేడిమి పది డిగ్రీలవరకు హెచ్చును.

కొండలు వలదు, సముద్రతీరమే చాలునని భీమునిపట్టణము త్రోవను విడిది చూచువారును కలరు. వా రొక సంగతి గ్రహింపవలయును. జనవరి మొదలు ఏప్రిలు వరకు ఈ తీరమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ నొడ్డునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క గూటిలో నూరు గ్రుడ్ల వరకుండును. కుక్కలు ఆ గూళ్లను త్రవ్వి తినివేయును. ఆ మాసములలో చీకటిపడిన తరువాత కుక్కను తీరమున విడువకుడు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు బడసిన ఋషికొండ తీరమునకైతే దానిని తీసికొని పోనేవలదు; అట్టి తీరములందు జంతువుల రాకను కట్టుదిట్టముగా నియమింపవలయునని యా గుర్తింపు షరతులలో నొకటి. కంబాలకొండ వంటి అభయారణ్యమును అట్లే విడువవలయును. కుక్కలకు వచ్చు డిస్టెంపర్ అను వ్యాధిచే 2018లో గుజరాతునందలి గిర్ అడవిలో సింహములే కొన్ని మరణించినవి.

భోజనము విషయమున నొక్కటే హెచ్చరిక. అరకులో వెదురుబొంగులో కోడిమాంసము కాల్చి పెట్టుదురు. బొంగు చికెన్ అని ప్రసిద్ధి. తిన్న పిమ్మట పిల్లలు ఎముకలను ప్రేమతో కుక్కకు వేయుదురు. ఉడికిన కోడియెముక చీలికలై గొంతునను, ప్రేగులయందును గ్రుచ్చుకొనును. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెటు గూడ కుక్కకు విషతుల్యములు. విడిదిలో ఎంగిలాకుల కుప్ప ఎచటనున్నదో దిగినవెంటనే చూచుకొనుడు. కుక్క దానిని మీకంటె ముందుగా కనిపెట్టును. అడవి గడ్డిలో తిరిగివచ్చిన ప్రతిసారి చెవులలోపల, వ్రేళ్లసందున పిడుదులకై వెదకి తీయవలయును. పిడుదుజ్వరము తరచుగా ఇల్లు చేరిన రెండు మూడు వారములకు గాని బయటపడదు.

ముసలికుక్కను, చూలుకుక్కను, పగ్ వంటి చప్పిముక్కు జాతులను ఘాటురోడ్డు నెక్కింపకుండుటయే మంచిది. వానిని ఇంటనే, అవి యెరిగిన చుట్టమువద్దనో, పొరుగింటి పిన్నిగారివద్దనో విడిచిపొండు. అవి పరుండు దుప్పటిని ఉదుకక అట్లే యిండు, మీ వాసన దానికి ధైర్యము. వేళలు, తిండి కొలత, పశువైద్యుని ఫోను నెంబరు ఒక కాగితముమీద వ్రాసి, వారి వంటయింటి గోడకు అంటించి మరీ బయలుదేరుడు.