కళ్లద్దాలు లేని కార్ఖానాలు

మార్చి నెల రాగానే కారు ఏసీ దుకాణాల ముందు బారులు మొదలవుతాయి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాదు చాదర్‌ఘాట్ పరిసరాలలోనైనా, జిల్లా కేంద్రాల బైపాస్ రోడ్ల పక్కనైనా బానెట్ కింద తల దూర్చి పనిచేసే కుర్రవాళ్లలో మన పిల్లలు ఎందరున్నారో ఈ పత్రిక పాఠకులకు చెప్పనవసరం లేదు. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ముస్లిం శ్రామికులు అధికంగా ఉన్న వృత్తులలో చిల్లర వర్తకం, రవాణా, బీడీ, వస్త్రాల సరసన వాహనాల మరమ్మతును కూడా చేర్చింది. ఆ నివేదికను సుమారు ఇరవై ఏళ్లుగా మనం వేదికలపై ఉటంకిస్తూనే ఉన్నాము. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఎవరమూ ఆగలేదు. ఉద్యోగాల శాతాలు, బ్యాంకు రుణాల శాతాలు చదివి పుట తిప్పేశాము.

మేమూ తిప్పేసినవారమే. రెండు వేసవుల క్రితం మాకు తెలిసిన ఒక కుటుంబంలోని పంతొమ్మిదేళ్ల కుర్రవాడు ఆ పుటను మళ్లీ తెరిపించాడు. కంప్రెసర్ మార్చవలసిన కారు వచ్చింది. లోపల గ్యాస్ ఎప్పుడో కారిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. గేజీలు బిగించి చూసినవారు లేరు. పైపు నట్టు వదులు చేయగానే మిగిలి ఉన్న గ్యాస్ ద్రవరూపంలో ఎగసి అతని ఎడమ కంట్లో పడింది. చుట్టూ ఉన్నవారు గుడ్డతో కన్ను నులిమారు, మందుల దుకాణంలో చుక్కలు కొని వేశారు. కంటి ఆసుపత్రికి చేరేసరికి మరునాడైంది. ఆ కంటికి ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది, మనిషి ముఖం తెలియదు. పరామర్శకు వెళ్లినప్పుడు అతని తల్లి మాతో, "అంతా తఖ్దీర్, భాయీ" అన్నది.

ఆ తల్లి మాటకు మేము ఎదురు చెప్పలేదు. దుకాణదారు కూడా అదే మాట అన్నప్పుడు ఊరుకోలేకపోయాము. భద్రతా కళ్లద్దాల ఖరీదు ఒక కారుకు గ్యాస్ నింపి పుచ్చుకునే సొమ్ములో పదో వంతు కూడా ఉండదు. దానిని కొనకపోవడం మనిషి చేసిన లోపం. దానిని తఖ్దీర్ ఖాతాలో రాయడానికి మేము ఒప్పుకోము.

ఆ గ్యాస్ ఎటువంటిదో తెలియక చేసే పని ఎంత ప్రమాదమో ప్రతి ఇంట్లోనూ తెలియాలి. నేడు మన రోడ్లపై తిరిగే కార్లలో అత్యధికం వాడేది ఆర్-134ఏ. బయటి గాలిలో అది సున్నాకు దిగువన 26 డిగ్రీల వద్దే మరుగుతుంది. ద్రవంగా చర్మంపై పడితే మంచుకాటు వేస్తుంది, కంట్లో పడితే నల్లగుడ్డును గడ్డకట్టిస్తుంది. పడిన మరుక్షణం నులమకుండా శుభ్రమైన గోరువెచ్చని నీటితో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, నేరుగా కంటి వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. కారు టైరులో గాలి పీడనం 30, 35 పీఎస్‌ఐ ఉంటుంది. 40 డిగ్రీల ఎండలో ఇంజను ఆగి ఉన్నప్పుడే ఏసీ పైపులలో 130 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. ఇంజను నడుస్తుంటే హై సైడులో 200 దాటుతుంది. హై సైడు గేజీ వాల్వును ఆ సమయంలో పొరపాటున తెరిస్తే ఆ పీడనమంతా చేతిలోని గ్యాస్ డబ్బాలోకి ఎదురు తన్నుతుంది, డబ్బా పగులుతుంది. అందుకే ఇంజను నడుపుతూ నింపేటప్పుడు లో సైడు నుండి, వాయువుగానే నింపాలి. గ్యాస్ త్వరగా ఎక్కాలని సిలిండరు అడుగున మంట పెట్టే దుకాణాలను మేము స్వయంగా చూశాము.

అంతకన్నా ఘోరమైనది ఆక్సిజన్ అలవాటు. లీకేజీ చూడడానికి పక్కనున్న వెల్డింగు షాపు నుండి ఆక్సిజన్ సిలిండరు తెచ్చి పైపులలోకి పీడనం ఎక్కిస్తారు. కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. పీడనంతో కూడిన ఆక్సిజన్ నూనెను తాకితే పేలుడు సంభవిస్తుంది. ఈ పరీక్షకు వాడవలసినది పొడి నైట్రోజన్, అదీ రెగ్యులేటరు బిగించి. ఇక పాత గ్యాస్‌ను షెడ్డులోనే బయటకు వదిలేయడం నిత్యకృత్యం. అది గాలి కంటే బరువైనది కనుక గుంతలో దిగి పనిచేసేవాని ముక్కు దగ్గరే నిలిచి ఊపిరి ఆడనివ్వదు. అక్కడే వెల్డింగు మంటో, వెలిగించిన బీడీయో ఉంటే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే దాహక వాయువు పుడుతుంది. పాత గ్యాస్‌ను సిలిండరులోకి లాగి పట్టే రికవరీ యంత్రం ఉన్న చిన్న దుకాణాన్ని మేము చూసిన చోట్ల వేళ్లపై లెక్కపెట్టవచ్చు.

చౌక సిలిండర్ల సంగతి మరొకటి. 2011లో నకిలీ గ్యాస్ నింపిన శీతల నౌకా కంటైనర్లు పేలి వియత్నాం, బ్రెజిల్ దేశాలలో ముగ్గురు కార్మికులు మరణించారు. ఆ నకిలీలో ఉన్న మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో కలిసి, గాలి తగలగానే మండే పదార్థంగా మారింది. కారు కండెన్సర్ కూడా అల్యూమినియందే. బిల్లు లేని సిలిండరు కొనే యజమాని తన కుర్రవాని ప్రాణంతో బేరమాడుతున్నాడు.

ఉస్తాద్‌ల పట్ల మాకు గౌరవం ఉంది. బడి వదిలేసిన పిల్లవానికి, ఏ కార్యాలయమూ తలుపు తీయని పిల్లవానికి పని నేర్పి, అన్నం పెట్టి, మనిషిని చేసినవారు వారే. అయితే "మా ఉస్తాద్ దగ్గర మేమూ ఇట్లాగే నేర్చుకున్నాం సాబ్, అద్దాలు పెట్టుకుంటే పని కనిపించదు" అనే మాటను ఆ గౌరవం పేరుతో అంగీకరించలేము. ఆ మాట అన్న పెద్దమనిషి కుడిచేతి రెండు వేళ్లకు కొనలు లేవు. ఇంజను ఆపి ఉన్నా రేడియేటర్ ఫ్యాను దానంతట అదే తిరుగుతుందని, ముందు బ్యాటరీ వైరు తీయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా ఎవరూ లెక్కించని కార్మికుడే.

లెక్కించవలసినవారి సంగతి చూద్దాము. కంటి రక్షణను తప్పనిసరి చేసే 35వ సెక్షన్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. అయితే విద్యుత్తు వాడే చోట కనీసం పదిమంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. ఈఎస్ఐకి కూడా సాధారణంగా పదిమంది కావాలి. ఉస్తాద్, ముగ్గురు కుర్రవాళ్లు ఉన్న దుకాణం ఈ చట్టాలకు కనపడదు. 2019లో కేంద్రం ప్రకటించిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ 2022-23 నాటికి లక్షమంది శీతలీకరణ మరమ్మతు సాంకేతికులకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్షమందిలో మన గల్లీలకు చెందినవారు ఎందరు? మేము అడిగిన ఏ దుకాణంలోనూ ఆ శిక్షణ పేరు విన్నవారు దొరకలేదు.

ఇది కేవలం గాయాల విషయం కాదు, రోజీ రోటీ విషయం కూడా. 2016 నాటి కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఆర్-134ఏ వంటి వాయువుల వాడకం 2028లో పరిమితికి లోబడి, 2032 నుండి అంచెలంచెలుగా తగ్గాలి. యూరప్ కార్లలో దాని స్థానంలోకి ఇప్పటికే వచ్చిన ఆర్-1234వైఎఫ్ అంటుకునే స్వభావం గలది. విద్యుత్ కార్లలోనైతే ఏసీ కంప్రెసర్ కొన్ని వందల వోల్టులతో నడుస్తుంది. చదువు లేని చెయ్యి అక్కడ పెట్టడానికి వీలులేదు. ఈ పదేళ్లలో మన కుర్రవాళ్లకు శిక్షణ అందకపోతే ఈ పని మొత్తం కంపెనీ సర్వీస్ సెంటర్లకు తరలిపోతుంది. రెండు తరాలుగా మన చేతిలో ఉన్న వృత్తి, మనల్ని అడగకుండానే పోతుంది.

కనుక మా కోరిక స్పష్టం. శిక్షణ తెలుగులోనూ ఉర్దూలోనూ జరగాలి. దుకాణం మూసే రోజున జరగాలి, లేదా ఆ రోజు కూలి చెల్లించాలి. మైనారిటీ ఆర్థిక సంస్థలు మెకానిక్ దుకాణానికి రుణం మంజూరు చేసేటప్పుడు రికవరీ యంత్రం, నైట్రోజన్ రెగ్యులేటరు, కళ్లద్దాలు, చేతి తొడుగుల ఖర్చును అందులోనే చేర్చాలి.

కార్లున్న మన కుటుంబాలకు ఒక మాట. "పక్క దుకాణంలో మూడు వందలు తక్కువ" అని మనం బేరమాడినప్పుడు ఆ మూడు వందలు ఎక్కడి నుండి తగ్గుతాయి? వాక్యూమ్ చేయకుండా, పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలి, బిల్లు లేని సిలిండరు వాడి తగ్గిస్తారు. షాదీ మండపం అలంకరణకు బేరమాడని చేతులు ఇక్కడ బేరమాడడం మాకు వింతగా తోస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు కుర్రవాని కళ్లకు అద్దాలున్నాయో లేదో చూడండి. లేకపోతే అద్దాలు పెట్టుకున్నాకే బానెట్ తెరవమని పట్టుబట్టండి.

కార్యకర్తలకు ఒక పని. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లాలో శీతలీకరణ మరమ్మతు శిక్షణ పొందినవారు ఎందరు, వారిలో కారు ఏసీ పనివారు ఎందరు, మైనారిటీలు ఎందరు అని అడుగుతూ దరఖాస్తు పెట్టండి. నమూనా దరఖాస్తు కావలసినవారు మాకు ఉత్తరం రాస్తే పంపుతాము. వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడా జిల్లాల వారీగా ఈ పుటలలోనే ప్రచురిస్తాము.